పూజగది కింద జలదారి

ఈ నాలుగు ముక్కలూ తెలుగులో రాయడానికి కారణం ఉంది. తమిళనాడు ధర్మపురిలో నేను పనిచేసిన ఇళ్ళవాళ్ళలో చాలామంది ఇంట్లో తెలుగే మాట్లాడతారు గానీ చదవడం రాదు. కాబట్టి వాళ్ళ గురించి ఏం రాసినా నా ప్రాణానికి హాయి. చిక్కు ఏమిటంటే, ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలకూ చదవడం రాదు. ఎవరైనా చదివి వినిపిస్తే వింటారు. లేకపోతే వాళ్ళూ ఒక గోడ పడగొట్టుకుని నేర్చుకుంటారు, నేను నేర్చుకున్నట్టే.

మాది ఏరియూరు పక్క సేద్యం చేసుకునే కుటుంబం. డిప్లొమా చదివి ఇళ్ళు కట్టే పనిలో చేరాను. పెద్ద పెద్ద భవనాలు కడదామనే వచ్చాను. చివరికి కట్టిన ఇళ్ళలో నీళ్ళు ఎందుకు నిలుస్తున్నాయో చూసేవాడిగా మిగిలాను. కింది నుంచి గోడకు ఎక్కే చెమ్మను మా వైపు ఓదం అంటారు. పెళ్ళిళ్ళలో నన్ను "ఓదం నాయుడు" అని పరిచయం చేసేవాళ్ళు. మర్యాదగా ఉండే పేరు కాదు, కానీ పని దొరికేది.

కన్నయ్య మేస్త్రి

నాకు పని నేర్పింది కాలేజీ కాదు, పాపిరెడ్డిపట్టి నుంచి రోజూ టౌన్ బస్సులో వచ్చే కన్నయ్య మేస్త్రి. ఆయనకు సంతకం తప్ప రాత రాదు. నా దగ్గర కొత్త లెవెల్ మిషన్ ఉండేది. మూడు కాళ్ళ మీద దాన్ని నిలబెట్టి, ఒక కన్ను మూసి చూస్తుంటే నాకు నేనే కలెక్టరులా అనిపించేవాణ్ణి. మేస్త్రి కాసేపు ఓపిక పట్టి, ఒక బిందె నీళ్ళు తెప్పించి, అందులో గుప్పెడు ఊక కలిపి పెరట్లో పోసేవాడు.

"మిషన్ చెప్పింది కాగితంలో రాసుకో అప్పా. ఊక ఏడికి పోతాదో కాళ్ళతో నడిచి చూడు" అనేవాడు.

ఇంకో పాఠం కూడా ఆయనదే. ఇంటి యజమానిని ఏమీ అడగవద్దు, ఆయనకు ఇంటి ధర తప్ప ఏమీ తెలియదు. పొద్దున వాకిట్లో నీళ్ళు చల్లి ముగ్గు వేసే ఆడమనిషిని అడుగు. ఏ మూల నీళ్ళు ఆరవో, ఏ గోడ మొదట్లో పాచి పడుతుందో, ఎక్కడ చీపురు బరువెక్కుతుందో ఆమె చెబుతుంది. నా ముప్పై ఏళ్ళ పైచిలుకు అనుభవంలో ఈ మాట ఒక్కసారీ వమ్ము కాలేదు.

కన్నయ్య మేస్త్రి చెప్పినవాటిలో ఒకటి తప్ప అన్నీ నిజాలే. ఆ ఒక్కదాన్నే నేను మహా భక్తిగా పాటించాను. అది ఇది: "దాయాదుల ఇండ్లలో పనిచేసేటప్పుడు ఆ ఇంటి మాట ఈ ఇంట్లో అనొద్దు. ఇద్దరూ ఒకటైపోతారు, మధ్యలో నీకు చెప్పుదెబ్బలు." మా వైపు అన్నదమ్ములు ఒకే ఇంటిని అడ్డంగా గోడ పెట్టి పంచుకోవడం మామూలు. కాబట్టి ఈ సలహా మాకు పనిముట్టు లాంటిది, తాపీకి ముందే చేతికిస్తారు.

ముందుగా తెలియాల్సిన సంగతులు

అసలు కథకు ముందు పని సంగతి కొంచెం చెప్పాలి, లేకపోతే దీన్ని చదివినవాడికి చాడీలు తప్ప ఏమీ దక్కవు.

గోడ పక్కన నేల గోడవైపు వాలితే, మీరు పైన ఎంత ఖరీదైన రంగు పూసినా దండగ. నేల గోడకు వీపు చూపించాలి. నాలుగడుగుల దూరంలో ఒక బెత్తెడు దిగినా చాలు. మిద్దె మీది నీళ్ళను గొట్టం వేసి గోడ మొదట్లోనే వదిలేవాళ్ళు సగం ఊరు ఉన్నారు. పైనుంచి అంత దూరం జాగ్రత్తగా తెచ్చిన నీళ్ళను ఇంకో ఆరడుగులు అవతలికి తీసుకుపోవడానికి వాళ్ళకు మనసు రాదు. గోడకు ఆనించి పూలమొక్కలు పెట్టి రోజూ నీళ్ళు పోస్తారు. మల్లె బాగా పూస్తుంది, గోడ కూడా తెల్లగా ఉప్పు పూస్తుంది.

మట్టితో కట్టిన పాత గోడకు సిమెంటు పూత పూయకండి. సున్నం పూత అయితే గోడ పీల్చిన చెమ్మను మళ్ళీ వదులుతుంది. సిమెంటు వదలనివ్వదు. జ్వరం వచ్చినవాడికి రెయిన్‌కోటు తొడిగినట్టు ఉంటుంది. ఇది నేను తర్వాత నేర్చుకున్న పాఠం, ఎవరి గోడ మీద నేర్చుకున్నానో కాసేపట్లో చెబుతాను.

అన్నింటికన్నా, రోడ్డును నమ్మకండి. మహేంద్రమంగళంలో ఒక రైతు ఇంటి నీళ్ళన్నీ వీధివైపు వాలేలా చక్కగా చేసిచ్చాను. ఆయన కోడిని కోసి భోజనం పెట్టాడు. తర్వాత పాత రోడ్డు మీదనే కొత్త రోడ్డు వేశారు, మళ్ళీ దాని మీద ఇంకోటి. వీధి నీళ్ళు ఇంట్లోకి వస్తున్నాయని ఆయన గడప ఎత్తించాడు. అప్పుడు ఇంటి నీళ్ళు ఇంట్లోనే ఆగిపోయాయి. మళ్ళీ పోయినప్పుడు ఇంట్లోకి రెండు మెట్లు ఎక్కి, మూడు మెట్లు దిగాను. కోడి మాట ఎవరూ ఎత్తలేదు.

ఒక ఇల్లు, రెండు తాళాలు

ఇప్పుడు అసలు సంగతి. ధర్మపురి బజారు వెనక ఒక వర్తకుల ఇల్లు ఉంది. తరతరాలుగా చింతపండు వ్యాపారం. నడుమ ఆకాశం కనిపించే ముట్రం, చుట్టూ వసారా, నాలుగు వైపుల కప్పు నీళ్ళూ ముట్రంలో పడేవి. అక్కడినుంచి నేల కింద రాతితో కట్టిన జలదారి గుండా వెనక సందులోకి పోయేవి. అన్న నాగరాజు శెట్టి, తమ్ముడు శీనయ్య శెట్టి ఈ ఇంటిని పంచుకున్నారు. పంపకం పత్రంలో బావి రాశారు, రోలు రాశారు, అటక మీది ఇత్తడి గంగాళం రాశారు. వాననీళ్ళు ఎవరూ రాయలేదు. ముట్రానికి నడుమ గోడ లేచింది. వీధి తలుపుకు పక్కన ఇంకో తలుపు వచ్చింది. ఆ రోజునుంచి రెండిళ్ళకూ మాటలు లేవు.

జలదారి తమ్ముడి భాగంలోని ఒక మూలగది కిందుగా పోతుంది. శీనయ్యకు ఎవరో వాస్తు చెప్పారు, ఆ గది ఈశాన్యమని. వెంటనే దాన్ని పూజగది చేయించాడు. దానికి మొజాయిక్ నేల వేయించింది నేనే, అప్పుడప్పుడే సొంతంగా పనులు పట్టుకుంటున్న రోజుల్లో. ఆ గది గోడకు అవతల అన్నగారి చింతపండు కొట్టు.

కొన్నేళ్ళకు నాగరాజు శెట్టి పోయాడు. పిల్లలు లేరు. భార్య పద్మావతమ్మ వ్యాపారం తానే పట్టుకుంది. గింజ తీసిన చింతపండును గంపల్లో తొక్కించి, కొట్టులో పేర్చి, దుకాణాలకు వేసేది. ఆమెకు మరిదితో మాటలు లేవు, సంవత్సరంలో ఒక్క దినం తప్ప. అన్న తిథి నాడు శీనయ్య తడిపంచెతో ముందు తలుపు గుండా వచ్చి, అయ్యవారు చెప్పినట్టు పిండం పెట్టి, నీళ్ళు వదిలి, వదిన వడ్డించింది తిని, తల వంచుకుని పోయేవాడు. ఇది ఏటా తప్పేది కాదు. పలకని దాయాది కర్మ చేయడం మా వైపు వింతేమీ కాదు. పగ పగే, పిండం పిండమే.

ఒకే నీళ్ళు, రెండు వైద్యాలు

ఒక వానాకాలం పద్మావతమ్మ కబురు పెట్టింది. ముట్రంలో ఆమె వైపు మోకాలి కిందిదాకా నీళ్ళు నిలుస్తున్నాయి. కొట్టు గోడ నడుము ఎత్తుదాకా నల్లబడింది. అడుగు గంపల్లో చింతపండు బూజు పట్టింది.

"జలదారి మూసుకుపోయినట్టు ఉండాదమ్మా. ఆ పక్క తవ్వి చూడల్ల. శీనయ్య శెట్టిని ఒక మాట అడుగుతాను" అన్నాను.

ఆమె చేతిలో గంప కింద పెట్టింది. "వద్దు నాయుడూ. ఆ ఇంట్లో నీళ్ళ మాట ఎత్తద్దు. జగడమైతే ఆ ఒక్క దినమూ రాడు. ఆయనకు పిండం పెట్టేదానికి ఇంకెవరు ఉండారు? చింతపండు పోతే ఇంకో ఏడు వస్తాది. నీకు చేతనైంది ఈ పక్కనే చెయ్యప్పా."

ఆమెకు కావలసింది ఆ ఒక్క దినమే. నేను మేస్త్రి మాట కూడా గుర్తు చేసుకుని బుద్ధిగా తల ఊపాను. ముట్రంలో గుంత తీసి, మోటారు పెట్టి, నీళ్ళను వీధిలోకి తోడే ఏర్పాటు చేశాను. కొట్టు గోడకు మందంగా సిమెంటు పూత పూశాను. గోడ తెల్లగా, గట్టిగా, ఆరోగ్యంగా కనిపించింది.

నెల తిరగకముందే శీనయ్య పిలిచాడు. పూజగదిలో గోడ ఊడుతోంది, పటాల వెనక చెదలు.

"ఏమప్పా నాయుడూ, మూడుసార్లు రంగు కొట్టించినాను. హోమం కూడా చేయించినాను. అయినా దేవుడి గోడ ఏడస్తానే ఉండాది" అన్నాడు.

ఆయన భార్య వసంతమ్మ గుమ్మంలో నిలబడి మెల్లగా అంది. "పొద్దున తుడిచేటప్పుడు నేల చల్లగా తగుల్తాది అన్నా. కింద ఏదో నీళ్ళు ఉండేమాదిరి."

తుడిచే మనిషి మాట వినమని మేస్త్రి చెప్పాడు. పక్కింటి మాట అనవద్దని కూడా మేస్త్రే చెప్పాడు. నేను రెండో మాటను ఎంచుకున్నాను. గోడకు ఇటువైపు కూడా నీరు దిగని పూత పూయించాను. ఇప్పుడు ఆ పాత మట్టిగోడకు రెండు వైపులా సిమెంటు, నడుమ నీళ్ళు. ఒకే రోగానికి రెండిళ్ళలో రెండు వైద్యాలు చేసి, ఇద్దరి దగ్గరా భేష్ అనిపించుకున్నాను. నా పుస్తకంలో ఈ పేజీలో ఒక బొమ్మ, ఆ పేజీలో ఒక బొమ్మ ఉండేవి. రెండు పేజీలనూ పక్కపక్కన పెట్టి చూస్తే చిన్నపిల్లవాడికి కూడా తెలిసేది. నేను పేజీ తిప్పేసి చూడలేదు. దాన్ని వృత్తి మర్యాద అనుకున్నాను.

గోడ

మూడో ఏడు ఐప్పసి నెల, అంటే దీపావళి వానల్లో, ఒక మధ్యాహ్నం, గోడ పడింది. పద్మావతమ్మ తూకానికని ముందు గదిలోకి వచ్చి నాలుగు నిమిషాలు కూడా కాలేదట. గోడ కూలిన వాటం చూడండి, శీనయ్య దేవుళ్ళందరూ వదిన కొట్టులోకి వచ్చి పడ్డారు, వదిన చింతపండు ఆయన పూజగదిలోకి పోయింది. ఇరవై ఏళ్ళుగా ఎవరూ దాటని సరిహద్దును ఒక్క నిమిషంలో అందరూ దాటారు, మనుషులు తప్ప.

నన్ను ఇద్దరూ పిలిచారు. ఇక దాచడానికి గోడే లేదు. పూజగది నేల తవ్వించాను. పాత జలదారి దొరికింది. ఎంత చక్కటి పని అది, ఒక్క రాయి కదలలేదు. ముట్రం నీళ్ళు అందులోకి వచ్చి, గది మూలన ఆగిపోయి, నిండుగా నిలబడి ఉన్నాయి. అక్కడ జలదారికి అడ్డంగా తల అంత కాంక్రీటు ముద్ద బిగించి ఉంది, దాని వెనక ఏటేటా చేరిన ఒండ్రు మిగిలిన సందును కూడా పూడ్చేసింది.

శీనయ్య దానివైపు వేలు చూపించాడు. "అన్న పనే ఇది. పంపకం ముందు ఈ రూము ఆయన చేతిలోనే ఉండె. తనకు దక్కలేదని మూసేసి పోయినాడు. ఇన్నేండ్లు నా దేవుండ్లను నీళ్ళలో నిలబెట్టినాడు!"

పద్మావతమ్మ కూలిన గోడ మట్టి అవతల నిలబడి అంతా విన్నది. మరిదితో తిథినాడు కాక ఆమె మాట్లాడడం అదే మొదటిసారి.

"ఆయన కోపం మనిషే శీనయ్యా. కోపంలో చేసుండొచ్చు" అని చేతులు జోడించింది. "ఆయన బదులు నేను అడుగుతా ఉండాను. మన్నించప్పా."

శీనయ్య మొహం తిప్పుకున్నాడు.

నేను ఆ ముద్దను చేతిలోకి తీసుకుని కడిగాను. అందులో ఆకుపచ్చ మొజాయిక్ రాళ్ళు మెరిశాయి. ఆ రంగు రాళ్ళు శీనయ్య పూజగదికని నేనే ఏరి తెప్పించాను. పంపకానికి ముందు ఆ ఇంట్లో ఆ రాయి ఒక్కటి కూడా లేదు. అప్పుడు గుర్తొచ్చింది. నేల వేస్తున్న రోజు పనివాడు, "అన్నా, మూలలో పెద్ద బొక్క ఉండాది" అన్నాడు. నేను లెవెల్ మిషన్‌లోంచి తల ఎత్తకుండానే, "ఎలక బొక్క, మిగిలిన మొజాయిక్ కలుపు వేసి మూసెయ్" అన్నాను. అంతే. ఎక్కడికి పోతుందో అడగలేదు. బిందె నీళ్ళు పోయలేదు.

ఆ క్షణాన చెప్పాలి. చెప్పలేదు. చుట్టూ నా పనివాళ్ళు, ఇరుగుపొరుగు, ఊళ్ళో ఓదం నాయుడన్న పేరు. పోయినవాడికి ఏం నొప్పి, అనుకున్నాను. ముద్దను మట్టితో కలిపి బయట పారబోయించాను. ఇంతకన్నా సిగ్గుపడే పని నేను చేయలేదు.

తర్వాత పని మాత్రం బాగా చేశాను. జలదారిని పూజగది కింద కాకుండా కొత్త గోడ వారగా తిప్పాను. రెండు ఇళ్ళలోనూ ఎత్తి చూసుకునే మూతలు పెట్టాను. వాననీళ్ళకు మాత్రమే ఆ దారి. స్నానాల నీళ్ళు, అంట్ల నీళ్ళు వేరే గొట్టంలో వీధి సాక్కడకు, అంటే మురుక్కాలవకు పోతాయి. గోడకు సున్నం పూశాను. తర్వాతి వానకు రెండిళ్ళూ పొడి. ఊరంతా నన్ను మెచ్చుకుంది.

మూత ఎత్తి చూడడానికి పోయినప్పుడు

మరుసటి ఏడు మూతలు చూడడానికి పద్మావతమ్మ ఇంటికి పోయాను. కొట్టు ఎండుగా ఉంది, చింతపండు వాసన గుప్పుమంటోంది. నేను సంతోషంగా గోడ తడుముతుంటే ఆమె అంది.

"గోడ బాగుండాది నాయుడూ. శీనయ్యే ఈ ఏడు రాలేదు. వంట చేసి పెట్టుకుని మధ్యాహ్నం దాకా కూచునింటిని. అయ్యవారి చేత చెప్పి పంపినాడు, నా దేవుండ్లను ముంచినోడికి నేను నీళ్ళు వదలను అని."

నేను ఏమన్నానో తెలుసా? "మూత దగ్గర ఆకులు చేరకుండా చూసుకోమ్మా" అన్నాను. ఆ తర్వాతి ఏడు కూడా శీనయ్య రాలేదని విన్నాను. ఆ ఏడు నేను మూతలు చూడడానికి పోలేదు.

ఈ మధ్య పని మానేశాను. కుర్రవాళ్ళకు ఉపయోగపడతాయని ఈ కాగితాలు మొదలుపెట్టాను. మహేంద్రమంగళం రైతు గడప గురించి మూడుసార్లు కొట్టేసి, మూడుసార్లు సరదాగా తిరగరాశాను. మల్లెమొక్క గురించి రాసి నేనే నవ్వుకున్నాను. ఆ తర్వాత పూజగది దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ముందుకు పోలేదు. చొక్కా వేసుకుని బజారుకు నడిచాను.

పద్మావతమ్మ చింతపండు గింజ తీస్తూ కూర్చుని ఉంది. పక్కన కూర్చుని మొత్తం చెప్పాను, ఆకుపచ్చ రాళ్ళతో సహా. ఆమె చేతిలో కత్తి ఆగింది.

"గోడ నువ్వు పడగొడితివి, నువ్వే కడితివి. అది సరే" అంది. "నేను ఆయన పటం ముందర నిలబడి, ఎందుకు ఇట్ల చేస్తివి అని ఇన్నేండ్లూ ఏడ్చినాను. దానికి ఏం చేస్తావు?"

ఆమె కత్తి మళ్ళీ గింజ మీదికి పోయింది.

"ఈడ యాల కూచునింటివి? లెయ్. పోయి ఆ ఇంట్లో చెప్పు."

పక్క తలుపు కొట్టాను. శీనయ్య నిలబడే విన్నాడు. తిడతాడనుకున్నాను, కొడతాడని కూడా అనుకున్నాను. దేనికైనా సిద్ధపడే పోయాను. ఆయన నన్ను వసారాలోనే వదిలి ముట్రంలోకి పోయాడు. నడుమ గోడ మీద చెయ్యి పెట్టాడు.

"వదినా" అని పిలిచాడు. "వదినా, అన్న తిథి ఈ ఏడు ఎప్పుడు వస్తాది?"

గోడ అవతలినుంచి జవాబు వచ్చింది.

"పోయిన వారమే అయిపాయ శీనయ్యా. పిండం పెట్టేవాళ్ళు లేక, అయ్యవారికి బియ్యం, కాయగూరలు ఇచ్చి పంపినాను."

ఆయన చెయ్యి గోడ మీదనే ఉండిపోయింది. ఆ పోయిన వారమంతా నేను ఇంట్లో ఫ్యాను కింద కూర్చుని, ఇతరుల ఇళ్ళలో నీళ్ళు ఎందుకు నిలుస్తాయో రాసుకుంటున్నాను.